కాఫీ పొయ్యిలో మా దిమ్మెలు

ఇల్లు దింపే ఉద్యోగం

పికప్పు బండి వెనక తొట్టిలో ఒక చిన్న ఇల్లు కూర్చుని ఉంటుంది. లోపల రెండు పరుపులు, ఒక గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే సింకు, వెనకవైపు తలుపు. ముందు భాగం బండి నెత్తి మీదికి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. ఎడారిలో ఎక్కడికి కావాలంటే అక్కడికి ఆ ఇంటిని మోసుకుపోవచ్చు. నాలుగు మూలలా ఉన్న జాకీలు నేలకి ఆనించి, ఇంటిని పైకి లేపి, కింద నుంచి బండిని బయటికి తీసేస్తే చాలు. ఇల్లు ఇల్లుగా ఉంటుంది, బండి బండిగా తిరుగుతుంది. దాన్ని మేం క్యాబిన్ అనేవాళ్లం. దమ్మామ్‌లో అలాంటి క్యాబిన్లు తయారుచేసి, రిపేరు చేసి, అడిగిన చోట దింపి వచ్చే యార్డులో పనిచేసి, ఫోర్‌మన్‌గా ఇంటికి వచ్చాను.

ఇప్పటికీ మా కోరుట్ల వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, గసుంటి యార్డులనే నౌకరి దొరికింది. ఏం జూసుకోవాలె?" అని అడుగుతారు. అడిగారంటే నాకు పూనకమే! మా ఆవిడ టీవీ సౌండు పెంచేస్తుంది. అయినా ఆగను. ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడు నాయనా, దింపి నిలబెట్టడమే పని అని మొదలుపెడతాను. ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఎవరు రెన్యూ చేయించారు, ఫోర్‌మన్ ఎప్పుడు చేశారు అనే సోది ఇక్కడ రాయను. ఆ పని నాకిచ్చిన మజాను మాత్రం దాచుకోలేను.

యుద్ధం తెచ్చిన గిరాకీ

కువైట్ యుద్ధానికి ముందు మా క్యాబిన్లు ఎక్కువగా సర్వే వాళ్లకి పోయేవి. యుద్ధం వచ్చాక లెక్క మారిపోయింది. అల్ ఖోబర్‌లో జనం కిటికీ అద్దాలకి టేపులు అంటించుకుని, సైరన్ మోగితే లోపలి గదుల్లోకి పరిగెత్తే రోజులు. మనవాళ్లు చాలామంది పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వెళ్లిపోయారు. నేను ఉండిపోయింది ధైర్యంతో కాదు. పని అంత ఉంది! తీరం నుంచి దూరంగా, హుఫూఫ్ ఖర్జూరం తోటల వైపు ఇంట్లోవాళ్లని ఉంచుకోవాలని ఎంతమంది క్యాబిన్లు అడిగారో. ఒకటి దింపడం, ఖాళీ బండితో వెనక్కి రావడం, ఇంకొకటి ఎక్కించుకుని మళ్లీ పోవడం. తిండి గుర్తుండేది కాదు. ఇప్పుడు చెబితే తప్పుగా అనిపించవచ్చు గానీ, అంత హుషారుగా నేను జీవితంలో ఎప్పుడూ పనిచేయలేదు.

అప్పుడు మా వర్క్స్ మేనేజరు సుబ్బరాజు గారు. భీమవరం మనిషి. మేం పని ముగించుకుని రాగానే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "ఏవయ్యా, క్యాబిన్ దించేవా, పడేసేవా?"

నా చేతిలో రసమట్టం చూస్తే ఆయనకి నవ్వు. క్యాబిన్ నేల మధ్యలో కొంచెం ఒంగుతుంది కాబట్టి రసమట్టంలో బుడగ ఒకచోట నిజం చెప్పి ఇంకోచోట అబద్ధం చెబుతుంది. ఆయన పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు నిండా నీళ్లు పోయించి, నాలుగు మూలలకీ పట్టించి చూపించారు. మన మేస్త్రీలు పునాదికి పట్టే నీటిమట్టమే! నాలుగు మూలలా నీరు ఒకే గీతకి రాగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"మట్టం కుదిరితే సగం పనేనయ్యా. మట్టంగా ఉన్నదల్లా నిలబడుద్దని ఎవడు చెప్పేడు నీకు?"

ఇది నా ఉద్యోగంలో నేను విన్న అన్నిటికంటే విలువైన మాట. మిగతావన్నీ దీని కిందికే వస్తాయి. ఒక మూల జాకీని గబగబా తిప్పేయకూడదు, నాలుగింటినీ కొంచెం కొంచెంగా వంతులవారీగా లేపాలి. లేపేటప్పుడు ముక్కు వైపు ఎప్పుడూ రవ్వంత ఎత్తుగా ఉంచాలి. బండి బయటికి వచ్చేటప్పుడు చక్రాల గూడు జాకీకి తగలకుండా రెండు పక్కలా మనుషులు ఉండాలి. బండి బయటికి రాగానే క్యాబిన్‌ని వీలైనంత కిందికి దించాలి. పొడుగ్గా సాగిన జాకీ గాలికి ఊగుతుంది, పొట్టిగా ఉన్నది బుద్ధిగా ఉంటుంది. ఎత్తున వదిలేసి టీకి పోయేవాడు నా దగ్గర రెండోసారి టీకి పోలేదు.

తాటి దూలం పాఠం

అంత తెలిసిన సుబ్బరాజు గారే ఒకసారి బోల్తా కొట్టారు. అది మన తెలుగువాళ్లే చేయగల తప్పు!

జాకీల మీద మాత్రమే క్యాబిన్‌ని వదిలేయకూడదని, దాని పొట్ట కింద గట్టి దిమ్మెలు పేర్చాలని ఆయనే చెప్పేవారు. హుఫూఫ్‌లో ఒక తోటలో దిమ్మెలు చాలలేదు. పక్కనే అప్పుడే నరికిన ఖర్జూరపు మొద్దులు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన కళ్లు మెరిశాయి.

"తాటి దూలాల మీద మా తాతల నాటి ఇల్లు ఇప్పటికీ నిలబడుందయ్యా! ఇదీ దాని చుట్టవే. వేసెయ్యండి!"

వేసేశాం. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఆ పచ్చి మొద్దులు పీచు పీచుగా నలిగి, క్యాబిన్ ఒక పక్కకి చెవి వాల్చిన మేకలా ఉంది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆయన కాసేపు దాన్ని చూసి, తన నెత్తి మీద తానే మొట్టుకుని, "చుట్టవే గానీ మేనత్త కొడుకు కాదు" అని పకపకా నవ్వారు. తన తప్పుకి తానే నవ్వగలిగిన పైవాడు దొరికితే వదులుకోకండి.

ఆ తర్వాత దమ్మామ్ పోర్టు నుంచి పాత దిమ్మెలు తెప్పించాం. ఓడల్లో సరుకు కింద వేసే గట్టి చెక్క. ఏళ్ల తరబడి ఎండి ఎండి ఇనుములా అయ్యేవి. వాటితో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త నేల మీద మొదటిరోజు బరువంతా జాకీల మీదే ఉంచి, దిమ్మెల వరసకీ క్యాబిన్ పొట్టకీ మధ్య ఒక వేలు సందు వదిలేవాళ్లం. నేల కుంగుతుంటే ఆ సందు తగ్గుతుంది, కంటికి తెలిసిపోతుంది. ఒకవేళ ఒక జాకీ జారినా క్యాబిన్ పడేది వేలెడే. మర్నాడు నేల కుదురుకున్నాక క్యాబిన్‌ని దించి దిమ్మెల మీద కూర్చోబెట్టేవాళ్లం.

పద్ధతి భేషుగ్గా ఉంది. దానికున్న ఒకే ఒక్క లోపం నాకు అబూ నాసర్ గారి నాన్న దగ్గర తెలిసింది.

పెద్దాయన వసంతం

అబూ నాసర్ మా కఫీల్, యార్డు యజమాని. ఆయన నాన్న కుర్రతనమంతా ఒంటెల వెనక ఎడారిలో గడిపిన మనిషి. యుద్ధం రోజుల్లో జబ్బుపడి, అల్ ఖోబర్ ఇంట్లో టేపు వేసిన కిటికీల వెనక మంచాన ఉన్నారు. యుద్ధం అయిపోయింది. కువైట్ వైపు నుంచి వచ్చే చమురు బావుల నల్లపొగ కూడా తగ్గింది. ఆ తర్వాతి వసంతంలో వానలు పడి ఎడారి పచ్చబడిందని విన్నారో లేదో, నన్ను అక్కడికి తీసుకెళ్లండని పెద్దాయన పట్టుబట్టారు.

నేను, మా ఆర్మూర్ గంగారాం కలిసి హుఫూఫ్ దాటాక క్యాబిన్ దింపాం. చోటు పెద్దాయనే చేతికర్రతో చూపించారు. అది పైన పెళుసు పొర, కింద ఉప్పు బురద ఉండే నేల. అక్కడ దాన్ని సబ్ఖా అంటారు. "ఇంకొంచెం పైకి, రాతినేల మీద పెడదాం" అన్నాను. ఆయన కర్ర కదలలేదు. జాకీల కింద వెడల్పాటి పలకలు వేశాం, మట్టం చూశాం, దిమ్మెలు పేర్చాం, వేలు సందు వదిలాం. మర్నాడు, తిరిగొచ్చాక దిమ్మెల మీద కూర్చోబెడదామని, గ్యాసు సిలిండరు కోసం, సామాను కోసం బండి తీసుకుని హుఫూఫ్ వెళ్లాం. దారిలో ఒక జల్లు పడింది.

సాయంత్రం నమాజుకి ముందే తిరిగి వస్తున్నాం. క్యాబిన్ దగ్గర నాలుగైదు కొత్త బండ్లు ఆగి ఉన్నాయి. పొయ్యి మండుతోంది. గంగారాం కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చాడు.

"అన్నా, పొగ వాసన మస్తున్నది. ఏం కట్టెనో గని!"

బండి ఆగింది. వాడు పొయ్యి వైపు చూశాడు, క్యాబిన్ కిందికి చూశాడు, మళ్లీ పొయ్యి వైపు చూశాడు.

"అన్నా... గది మన కట్టెనే!"

దిగి వంగి చూశాను. క్యాబిన్ కింద ఒక్క దిమ్మె లేదు! పెద్దాయన్ని పలకరించడానికి చుట్టాలు వచ్చారు. వానకి కట్టెలన్నీ తడిశాయి. అతిథులు వచ్చాక అరబ్బుల ఇంట కాఫీ పొయ్యి ఆరిపోవడమంటే మన ఇంట్లో పీటల మీద పెళ్లి ఆగినట్టే. అబూ నాసర్ గారితో వచ్చిన డ్రైవర్ సలీం పొడి కట్టె కోసం వెతికి, క్యాబిన్ కింద బంగారం లాంటి చెక్క చూశాడు.

"ఉస్తాద్, వో తో ఖాలీ పడే థే," అన్నాడు బిత్తరపోయి. అవి ఏమీ మొయ్యకుండా ఊరికే ఉన్నాయి కదా అని అతని మాట.

నేను అతన్ని తిట్టలేదు. వేలు సందు ఉంది, ఏ బరువూ తగలడం లేదు, చూసేవాడికి ఎలా తెలుస్తుంది? అదే మా పద్ధతిలో లోపం. ఆపదలో మాత్రమే పనికొచ్చేది మామూలు రోజు పనికిమాలినదిగా కనబడుతుంది.

ఊదు పొగ

వాన వల్ల అతిథులంతా లోపలే కూర్చున్నారు. పెద్దలంతా ముక్కు వైపు, పెద్దాయన పక్కన. చిన్నవాళ్లు తలుపు వైపు. వెనక కుడి మూల జాకీ కింద పలక పెళుసు పొరని చీల్చుకుని బురదలోకి ఒరిగింది. జాకీ వాలి ఉంది. ఇంకాసేపట్లో నమాజు వేళ. అందరూ ఒక్కసారి లేచి వెనక తలుపు దగ్గరికి వస్తే ఆ బరువంతా ఆ మూల మీదే పడుతుంది.

"అందరు పల్లకి ఎక్కిన్రు, మోసెటోడే కూలవడుతున్నడు," అన్నాడు గంగారాం. అలాంటప్పుడు కూడా వాడికి సామెతే!

అబూ నాసర్ మెట్టు దగ్గర నిలబడి కాఫీ పోస్తున్నారు. చెవిలో చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది గానీ తల అడ్డంగా ఊపారు.

"ఐబ్! సిగ్గుచేటు! మా నాన్నని చూడవచ్చిన వాళ్లని దిగిపొమ్మని నా నోటితో అనాలా? ఎలా అంటాను?"

"దిగమంటే అందరూ ఒక్కసారి లేస్తారు. అదింకా ప్రమాదం. ఒక్కొక్కరే రావాలి, తలుపు దగ్గరవాళ్లు ముందు, ముక్కు వైపువాళ్లు చివర," అన్నాను.

అప్పుడు నాకు మెరుపులా తట్టింది. ఊదు! అక్కడి మర్యాదలో సుగంధపు పొగ వేసే చిన్న కుంపటిని అతిథులకి చివర్లో తిప్పుతారు. ఒక్కొక్కరూ ఆ పొగని గడ్డానికి, బట్టలకి పట్టించుకుని సెలవు తీసుకుంటారు. ఊదు తర్వాత కూర్చోవడం లేదని వాళ్ల సామెత. నోరు విప్పకుండానే ఒక్కొక్కరిగా బయటికి పంపించే దారి!

"అన్నం పెట్టకుండా ఊదు తిప్పమంటావా? గొర్రె ఇంకా కుండలో ఉడుకుతోంది!" అన్నారు అబూ నాసర్. భోజనానికి ముందు ఊదు అంటే గెంటేసినట్టే. అయినా ఆయన లోపలికి వెళ్లి తండ్రి చెవిలో ఏదో చెప్పారు. పెద్దాయన తన చేతిలోని కప్పులో ఒక పక్కకి ఒరిగిన కాఫీ వైపు చూశారు, పక్కనున్న కిటికీలోంచి కిందికి చూశారు. తర్వాత అందరికీ వినబడేలా అన్నారు.

"ఊదు తీసుకురా. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టు."

పెద్దవాళ్లని వదిలి చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టడం ఇంకో వింత. కానీ ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. మొదటి కుర్రవాడు పొగ పట్టించుకుని, ఏం తప్పు చేశామో తెలియని మొహంతో కిందికి దిగాడు.

ఇక మా సంబరం చూడాలి! భయమూ అదే, సంబరమూ అదే. పొయ్యిలోంచి సగం కాలిన దిమ్మెలని పారతో లాగాం. తడి ఇసుకలో దొర్లిస్తే బుస్సుమని ఆవిరి లేచింది. పైన బొగ్గే గానీ లోపల చెక్క చెక్కలాగే ఉంది. ఏమి కట్టె! బండిలోంచి స్టెప్నీ టైరు తెచ్చి పడుకోబెట్టి, దాని మీద పలక, పలక మీద దిమ్మెలు. మేం బయటే ఉండి గుడారం కర్రతో వాటిని వెనక మూల కిందికి నెడుతున్నాం. క్యాబిన్ జాకీల మీద ఉండగా ఎవరూ కిందికి దూరకూడదు. అది మా యార్డులో రాయని శాసనం.

పైన ఒక్కొక్కరే దిగుతున్నారు. పక్కన మేం ఒక్కొక్క దిమ్మె నెడుతున్నాం. సలీం ఏడుపు మొహంతో దిమ్మెలు అందిస్తున్నాడు. చివరి దిమ్మె దగ్గర కర్ర జారిపోయింది. దిమ్మె అడ్డం తిరిగి ఇరుక్కుంది. నేను ఇంకో కర్ర కోసం తిరిగేలోపల గంగారాం బోర్లా పడుకుని రెండు చేతులూ తలా లోపలికి పెట్టేశాడు.

"బయటికి రారా! నీకు బుద్ధుందా?"

"ఒక్కటే అన్నా, గీ ఒక్కటే!"

అతిథులంతా దిగిపోయారు. లోపల పెద్దాయన ఒక్కరే, ముక్కు వైపు, తన చోట. అబూ నాసర్ కింద నుంచే చేతులు చాచి బతిమాలుతున్నారు. "నాన్నా, లే. నీకు దణ్ణం పెడతాను, లే!" ఆయన లేవలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. చోటు ఎంచింది ఈయనే, ఇప్పుడు దిగనని మొండికేసేదీ ఈయనే! నా జీవితంలో ఒక ముసలాయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

దిమ్మె సర్దుకుంది. గంగారాం బొగ్గు మొహంతో వెనక్కి పాకి వచ్చి లేచి నిలబడ్డాడు.

అప్పుడు పెద్దాయన గొంతు వినబడింది.

"కింద ఉన్న మనిషి బయటికి వచ్చాడా?"

ఆయన కిటికీలోంచి చూస్తున్నది గంగారాం కాళ్లని. ముక్కు వైపు తన బరువు లేకపోతే వెనక మూల ఇంకా కుంగుతుందని, కింద మనిషి ఉన్నాడని, ఆయన కదలకుండా కూర్చున్నారు. మేం ఆయన్ని కాపాడుతున్నాం అనుకుంటూ ఉన్నాం. అంతసేపూ ఆయన గంగారాంని కాపాడుతున్నారు.

"వచ్చిన బాబా, వచ్చిన!" అని గంగారాం తెలుగులోనే అరిచి, కిటికీ ముందుకి వెళ్లి రెండు చేతులూ ఊపాడు.

పెద్దాయన అప్పుడు లేచారు. గోడ పట్టుకుని మెల్లగా నడిచి, నా భుజం మీద చెయ్యి వేసి మెట్టు దిగారు. ఆయన రెండో కాలు ఇసుక మీద పడగానే వెనక జాకీ పక్కకి తన్నేసింది. క్యాబిన్ ధబ్బున మా కాలిన దిమ్మెల మీద కూర్చుంది. లోపల కప్పులు గలగలా దొర్లాయి. దిమ్మెలు నిలబడ్డాయి! గంగారాం ఆ మూల వైపు చూసి, తన చేతులు చూసుకుని, ఇసుకలో చతికిలబడ్డాడు. పెద్దాయన వంగి వాడి మొహం మీది బొగ్గు తన కండువాతో తుడిచారు. మాకు కన్నీళ్లు ఆగలేదు. అతిథులు ఎవరూ వెళ్లలేదు. తడి ఇసుక మీదే నమాజు చేసి, అక్కడే తివాచీలు పరుచుకుని గొర్రెమాంసంతో భోంచేశారు.

కొత్తగా చేరేవాళ్లకి

దిమ్మెలకి ఎర్రరంగు వెయ్యండి, ఎవరూ కట్టెలు అనుకోరు. మేం ఆ మర్నాడే వేశాం. ఎవరు చూపించిన చోటైనా సరే, నేల మీరు తొక్కి చూడండి. పెద్దవాళ్లకి కాదు అనడం నేర్చుకోండి, నాకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంకొక్కటి. ఆ రోజు నుంచి మా యార్డులో జాకీ హ్యాండిలు ముట్టుకునే ముందు ఒకరు గట్టిగా అరవాలి. గంగారాం "కింద ఎవలున్నరు?" అనేవాడు. సలీం "నీచే కౌన్ హై?" అనేవాడు. అక్కడున్న ప్రతి మనిషీ తన పేరు చెప్పి, కనబడేచోట నిలబడాలి. కఫీల్ ఉన్నా సరే, ఆయన కూడా చెయ్యెత్తి "అబూ నాసర్" అనేవారు. ఒక్క పేరు వినబడకపోయినా మేం జాకీ తిప్పేవాళ్లం కాదు. మీరూ తిప్పకండి.